గట్టు మీది రాయి: తెలుగు వంటిళ్ళలో పలకల చరిత్ర

తెలుగువారి వంటింట్లో నడుమెత్తు రాతిగట్టు వెలిసి చాలా ఇళ్ళలో రెండు తరాలు, కొద్ది ఇళ్ళలో మూడు తరాలు గడిచాయి. అంతకు ముందు వంట అనేది పూర్తిగా నేలమీది పని. మట్టితో మెత్తిన పొయ్యి, దాని చుట్టూ కొద్దిగా ఎత్తు లేపిన పొయ్యిగడ్డ, పక్కన కూర్చునే పీట, కాలితో అదిమిపట్టి కూరలు తరిగే కత్తిపీట, నేలలో సగం పాతిన రుబ్బురోలు, గోడవారగా సన్నికల్లు, ఇవన్నీ కూర్చుని పనిచేసే మనిషి చేతికి అందేటట్టు అమరినవే. వండిన గిన్నె దించేదీ, పిండి పరిచేదీ, విస్తరి వేసేదీ నేలమీదనే కాబట్టి వంటగదిలో వేరే పని పలక అవసరమే కలగలేదు. రోజూ పేడతో అలికి ముగ్గు పెట్టడం వెనుక మడి, ఆచారం వంటి నమ్మకాలు ఎన్ని ఉన్నా, పనిచేసే తలాన్ని ప్రతి ఉదయం కొత్తగా సిద్ధం చేసుకునే ఏర్పాటు కూడా అదే. అందుచేత రాయి వంటింట్లోకి మొదట గట్టుగా రాలేదు. అలికే శ్రమ తప్పించే నేలబండగా వచ్చి, చాలాకాలం తర్వాత అదే బండ పైకి లేచి గట్టయింది.

ఆ బండ ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు భూగర్భంలోనే ఉంది. రాయలసీమలో కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలను కలుపుకొని పల్నాడు దాకా చంద్రవంక ఆకారంలో విస్తరించిన అతి ప్రాచీనమైన అవక్షేప శిలల ప్రాంతాన్ని, అంటే నీటి అడుగున పేరుకున్న మట్టీ సున్నమూ కాలక్రమంలో గట్టిపడి రాయిగా మారిన నేలను, భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రచురించిన నివేదికలో ఈ శిలాశ్రేణులను సవివరంగా నమోదు చేశాడు. వాటిలో నార్జి గ్రామం పేరుతో పిలిచే సున్నపురాయి పొరలు ఇళ్ళు కట్టేవారికి ఎంతో కలిసివచ్చాయి. ఈ రాయి పొరలు పొరలుగా, దాదాపు సమానమైన మందంతో విడిపోతుంది. గని పనివారు పొరల మధ్య సందు చూసి వరుసగా ఉలులు దింపి, సుత్తితో తట్టి, పలుగుతో ఎత్తితే అడుగు వెడల్పు నుంచి మనిషి పొడవు దాకా పలకలు ఊడివస్తాయి. రంపం అవసరం లేకుండానే పలకగా విడిపోయే గుణం ఉండడమే దాని చౌకకు మూలం. తెలుగువారు దీన్ని నాపరాయి అన్నారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు దొరికేది ముదురు బూడిద నుంచి నలుపు దాకా ఉంటే, బేతంచర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు లేత రంగులు కూడా కనిపిస్తాయి. ఇటువంటిదే మరొక సున్నపురాతి శ్రేణి భీమా నది పరీవాహకంలో ఉంది. తాండూరు నీలి, పసుపు బండలూ, నేటి కర్ణాటకలోని షాబాదు బండలూ అక్కడివే. ఆ ఊళ్ళలో నాపరాయి ఎంత చవకంటే, పలకలను నిలువుగా పాతి పొలాలకు, దొడ్లకు ప్రహరీలు పెట్టుకున్నారు. ఇళ్ళ పైకప్పులకూ వాటినే వాడారు. సిమెంటు కర్మాగారాలు ఎర్రగుంట్ల, తాండూరు చుట్టూ పుట్టుకురావడానికి కారణమూ ఈ సున్నపురాయే కాబట్టి, ఒకే శ్రేణి నుంచి గట్టుమీది పలకా, దాన్ని అతికించే సిమెంటూ రెండూ వస్తున్నాయని చెప్పుకోవచ్చు.

రాయి ఎంత చవకైనా దాని బరువు దూరాన్ని సహించదు. ఎడ్లబండి మీద పది పదిహేను క్రోసులు దాటితే రవాణా ఖర్చు రాతి ఖరీదును మించిపోతుంది. ఈ లెక్కను మార్చింది రైలు. మద్రాసు నుంచి వాయవ్యంగా సాగిన రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఆ కలయికతో కడప నల్లరాయికి ఒకవైపు మద్రాసు, మరొకవైపు బొంబాయి అందుబాటులోకి వచ్చాయి. ముంబయి, పుణె వంటగదుల్లో నల్లటి గట్టు పలకను నేటికీ కడప్పా అనే పిలుస్తారు. అక్కడి గృహిణికి అది ఊరి పేరన్న స్పృహ ఉండకపోవచ్చు. 1874లో నిజాం రైలుమార్గం వాడి అనే ఊరి నుంచి హైదరాబాదు దాకా పూర్తికావడంతో ఆ దారిలోనే ఉన్న తాండూరు బండ, వాడికి దగ్గరలో ఉన్న షాబాదు బండ రాజధాని నగరానికి నేరుగా చేరే వీలు కలిగింది. హైదరాబాదు పాత ఇళ్ళ వాకిళ్ళలో షాబాదు, రాయలసీమ ఇళ్ళలో కడప, బేతంచర్ల, పల్నాటి ఇళ్ళలో మాచర్ల రాయి కనిపించడానికి కారణం గృహస్థుల అభిరుచి కాదు, గనికీ ఇంటికీ మధ్య ఉన్న దూరం.

నేలమీది బండ పైకి లేవడానికి పొయ్యి మారవలసి వచ్చింది. కట్టెల పొయ్యి ముందు నిలబడి వండడం అంత సులువు కాదు: కట్టె ఎగదోయాలి, గొట్టంతో ఊదాలి, బూడిద తీయాలి, పైగా పొగ పైకి లేస్తుంది కాబట్టి కూర్చున్నవారికే కొంత ఊపిరాడుతుంది. ఈ పొగను గొట్టం ద్వారా బయటికి పంపే ప్రయత్నాల్లో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాల డైరెక్టరుగా పనిచేసిన ఎస్. పి. రాజు రూపొందించిన పొగలేని పొయ్యి హెచ్.ఇ.ఆర్.ఎల్. చుల్హా పేరుతో దేశమంతటా ప్రసిద్ధమైంది, దాన్ని వివరించిన ఆయన ఆంగ్ల పుస్తకం 1953లో వెలువడింది. అయితే మట్టితోనే కట్టిన ఆ పొయ్యి పొగకు దారి చూపినంతగా వంట చేసేవారి భంగిమను మార్చలేదు. కిరసనాయిలు స్టవ్వు చేతితో ఎత్తి ఎక్కడైనా పెట్టుకోదగినది కావడంతో మొదటిసారిగా పొయ్యి నేలను వదిలింది. వంటగ్యాసు 1955లో బొంబాయిలో బర్మా షెల్ ద్వారా, 1965లో కలకత్తాలో ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ ద్వారా అమ్మకానికి వచ్చి, తర్వాతి దశాబ్దాల్లో తెలుగు పట్టణాలకు పాకింది. గ్యాసు పొయ్యికి ఒక నియమం ఉంది: పొయ్యి సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి, సిలిండరు నిలువుగా నిలబడాలి. ఈ ఒక్క నియమంతో గట్టు అనివార్యమైంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత ఈ మార్పు పల్లె ఇళ్ళకు కూడా చేరింది. కొత్త గదికి డబ్బులేని ఇళ్ళలో నాలుగు వరుసల ఇటుకలు పేర్చి, పైన ఒక నాపరాయి పలక పడేసి గట్టు చేసుకున్నారు. చౌక గట్టు చరిత్రలో అంతకన్నా పొదుపైన నమూనా దొరకదు.

మేస్త్రీలు గట్టు కట్టే పద్ధతిని కొంత దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఆ పద్ధతిలోనే దాగి ఉన్నాయి. ముందుగా గోడమీద నీటిమట్టం చూసి గీత గీస్తారు. ఆ గీత వెంట గోడలో ఒకటి రెండు అంగుళాల లోతున గాడి కొడతారు. కింద రెండు మూడు చోట్ల కడప పలకలను నిలువుగా నిలబెట్టి, వాటి వెనుక అంచును కూడా గోడలోకి దించుతారు. ఈ నిలువు రాళ్ళ మధ్య ఖాళీల్లో ఒకటి తప్పనిసరిగా 14.2 కిలోల సిలిండరు దూరి తిరిగేంత వెడల్పు ఉంటుంది, మిగిలినవి మేస్త్రి చేతిలో ఉన్న రాతి ముక్కల కొలతను బట్టి వస్తాయి. వాటి మధ్య అడ్డంగా అదే రాతి అర ఒకటి. అన్నిటికీ పైన సిమెంటు మాలు పరిచి, దాదాపు రెండడుగుల వెడల్పు గల గట్టు పలకను గాడిలోకి తోసి కూర్చోబెడతారు, ముందు అంచును గుండ్రంగా అరగదీస్తారు, గోడ దగ్గర సందును తెల్ల సిమెంటుతో మూస్తారు. మొత్తం కట్టడంలో చెక్క ముక్క లేదు, మేకు లేదు. గూళ్ళకు తలుపులు కూడా మొదట్లో ఉండేవి కావు. పప్పుల డబ్బాలు కనిపించకుండా ఒక తీగె మీద పూల గుడ్డ వేలాడదీసేవారు. తలుపులు తర్వాతి కాలపు చేర్పు: మొదట అల్యూమినియం చట్రాలు, ఆ పైన ప్లైవుడ్డు మీద సన్‌మైకా, చివరికి పీవీసీ.

కడప రాయిది గట్టు పలకగా దీర్ఘకాలపు ఆధిపత్యమే గాని నిర్దోషమైన ఆధిపత్యం కాదు. సున్నపురాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే అది కొద్దికొద్దిగా కరుగుతుంది. ప్రపంచంలోని ఏ వంటింటి గట్టుకూ ఇది చిన్న లోపం కాదు గాని, చింతపండు పిసకని పూట ఉండని తెలుగు వంటింట్లో మరీ పెద్ద లోపం. పులుసు గిన్నె అడుగున అంటిన తడి ఆరేసరికి నల్లటి పాలిషు మీద తెల్లటి వలయం పడుతుంది. నిమ్మచెక్క బోర్లించిన చోట గరుకు మచ్చ మిగులుతుంది. ఊరగాయల రోజుల్లో మామిడి ముక్కల కింద గట్టంతా మసకబారుతుంది. ఇల్లాళ్ళు దీనికి కనిపెట్టిన మందు నూనెగుడ్డ: వారానికో పక్షానికో కాస్త వేరుశనగ నూనెతో గానీ కొబ్బరి నూనెతో గానీ తుడిస్తే నలుపు తిరిగి తేలుతుంది, అయితే మచ్చ పోదు, కనబడకుండా దాగుతుంది. రాతి గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో సున్నపురాతిలోని కాల్సైటు విలువ 3, ఉక్కు కత్తి మొనకు అది లొంగుతుంది. ఇన్ని లోపాలున్నా ఆ రాయి నిలబడింది, ఎందుకంటే వేడి గిన్నె దించినా చెదరదు, పగిలితే పక్క ఊరి నుంచి మరో పలక తెచ్చుకోవచ్చు.

రాయికి ప్రత్యామ్నాయంగా మధ్యలో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. సిమెంటులో ఎర్ర రంగు పొడి కలిపి నునుపు చేసిన గచ్చు గట్లు, చలువరాతి ముక్కలు పొదిగి అరగదీసిన మొజాయిక్ గట్లు, ఆ తర్వాత తెల్ల పింగాణీ పలకలు పరిచిన గట్లు వచ్చాయి. పింగాణీ గట్టు చూడడానికి ఆసుపత్రి శుభ్రత కలిగినదే అయినా, పలకల మధ్య సందుల్లో పసుపూ నూనే పేరుకుని ఏడాదిలోగా గోధుమరంగు గళ్ళు తేలేవి; అందుకే అది గోడకు పరిమితమైంది, గట్టు మీద నిలవలేదు.

నిజమైన పోటీ గ్రానైటు నుంచి వచ్చింది. ఇది పొరలుగా విడిపోదు. దిమ్మెలుగా తవ్వి, యంత్రపు రంపాలతో పలకలుగా కోయాలి. కాబట్టి వజ్రపు పళ్ళ రంపాలు, యాంత్రిక పాలిషు వ్యాపించేదాకా గ్రానైటు గుడి స్తంభాలకూ తిరగలి రాళ్ళకే తప్ప వంటగట్టుకు అందలేదు. ఒంగోలు దగ్గరి చీమకుర్తిలో దొరికే నల్లరాయి ప్రపంచ మార్కెట్టులో బ్లాక్ గెలాక్సీగా ప్రసిద్ధం. శాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రో వర్గానికి చెందిన మరొక అగ్నిశిల. భూమి లోతున కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి ఏర్పడిన ఈ రాతిలో బ్రాంజైటు అనే ఖనిజపు రేకులు బంగారు చుక్కల్లా మెరుస్తాయి. కరీంనగర్ ప్రాంతపు గోధుమరంగు రాయి ట్యాన్ బ్రౌన్ పేరుతో, శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతపు నీలిరాయి శ్రీకాకుళం బ్లూ పేరుతో విదేశాలకు పోయాయి. ఈ రాళ్ళ ప్రధాన ఖనిజాల గట్టిదనం మోస్ స్కేలులో 6 దాటుతుంది లేదా ఆ దరిదాపుల్లో ఉంటుంది. చింతపండు, నిమ్మ వాటిని తాకలేవు. ఎగుమతిదారు ఒక గీత కనిపించినా, ఒక మచ్చ తేలినా దిమ్మెను తిరస్కరిస్తాడు. అలా మిగిలిపోయిన దిమ్మెలూ, కోతలో మిగిలిన చిన్న ముక్కలూ స్థానిక పాలిషు యూనిట్లకు చేరడం వల్లనే మధ్యతరగతి ఇంటికి గ్రానైటు గట్టు అందుబాటులోకి వచ్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు. మరోవైపు మేలురకం పలకలు సముద్రాలు దాటాయి. అమెరికాలో ఇల్లు కొని వంటగది బాగుచేయించుకునే తెలుగు కుటుంబం దుకాణంలో ట్యాన్ బ్రౌన్ పలకను ఎంచుకున్నప్పుడు, అది కరీంనగర్ గుట్టల నుంచి వచ్చిందని అమ్మేవాడు చెప్పడు, కొనేవారికి తట్టదు.

ఇక్కడ పాశ్చాత్య వంటగదికీ తెలుగు వంటగదికీ ఉన్న మౌలికమైన తేడాను గుర్తించాలి. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కార్మిక గృహాల కోసం రూపొందించిన ఇరుకు వంటగది, ఆధునిక వంటగదికి తొలి నమూనాగా పేరుపొందింది. అందులో అరమరలు ముందుగా కొలత ప్రకారం తయారవుతాయి, పని పలక వాటి మీద పరుచుకుంటుంది. ఆ పలక చెక్కో, లినోలియమో, తర్వాతి కాలంలో లామినేటో అవుతుంది. లామినేటు అంటే జిగురులో తడిపిన కాగితపు పొరలను వేడితో, ఒత్తిడితో ఒకటిగా అదిమిన రేకు; 1913లో అమెరికాలో విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులుగా పుట్టిన ఫార్మికా దాని ఆది రూపాల్లో ఒకటి. అక్కడ అరమర శాశ్వతం, పలక మార్చుకోదగినది. ధర తక్కువ కావాలంటే లామినేటు, ఎక్కువైనా ఫరవాలేదంటే రాయి, ఏదైనా ఉన్న అరమరల రంగుకు సరిపోతే చాలు. తెలుగు ఇంట్లో ఇది తలకిందులు: రాయి గోడలో పాతుకుని శాశ్వతమైంది, దాని కింది తలుపులే మారుతూ వచ్చాయి. గట్టు నలుపు కాబట్టి తలుపులకు లేత రంగు ఎంచుకున్నారే గాని, తలుపుల రంగును చూసి గట్టు రాయి ఎంచుకున్నవారు ఇరవయ్యో శతాబ్దంలో అరుదు.

అపార్టుమెంట్లతో, మాడ్యులర్ వంటగదులతో ఈ వరుస మారింది. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచే నాటికి, అరమరలను ముందు ఎంచుకుని గట్టును వాటికి తోడుగా వెతికే అలవాటు నగరంలో స్థిరపడింది. అయితే కొత్త అలవాటు పాత కట్టడం మీద పడినప్పుడు ఇబ్బందులు తప్పవు. గాడిలో పాతిన పలకను ఊడదీస్తే గోడ పింగాణీ పగులుతుంది, నిలువు రాళ్ళు కదులుతాయి, వాటి కొలతకు చేయించిన తలుపులు వంకర తిరుగుతాయి. గట్టు మార్చే ఖర్చులో రాతి వంతు కన్నా ఈ కూల్చివేతల వంతు ఎక్కువ కావడం అరుదేమీ కాదు. ప్లైవుడ్డు అరమరల మీద రాయి వేసేవారికి బరువు మరో సమస్య: 20 మిల్లీమీటర్ల మందంలో పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న గ్రానైటు పలక సుమారు వంద కిలోలు తూగుతుంది. లామినేటు గట్టు ఈ బరువు సమస్యను తప్పించినా ఇక్కడ వేళ్ళూనలేదు. చెంబులతో నీళ్ళు పోసి గట్టు కడిగే ఇంట్లో దాని లోపలి చెక్కపొట్టు పలక అంచుల నుంచి నీరు పీల్చి ఉబ్బుతుంది.

ఇటీవలి పోటీదారు క్వార్ట్జ్ పలక. ఇది గని నుంచి వచ్చే పలక కాదు. చూర్ణం చేసిన స్ఫటిక రాతిని రెసిన్‌తో కలిపి, ఇటలీకి చెందిన బ్రెటన్ సంస్థ రూపొందించిన పద్ధతిలో శూన్యంలో అదిమి తయారుచేసేది. 2009లో విశాఖపట్నం దగ్గరి అచ్యుతాపురంలో హైదరాబాదుకు చెందిన పోకర్ణ సంస్థ ఈ తయారీ మొదలుపెట్టింది. ఉత్పత్తిలో చాలాభాగం అమెరికాకు పోయింది. ఒకే రంగు, ఒకే నమూనా పలక పలకకూ మారకుండా దొరకడం దీని బలం, కాబట్టి ఉన్న అరమరలకు జతపరచడంలో ఇది సహజశిలను మించుతుంది. సలసల కాగిన మూకుడు నేరుగా దించితే రెసిన్ రంగు మారడం దీని బలహీనత. అంతకన్నా గంభీరమైనది కోసేవారి ఆరోగ్యం: ఇటువంటి పలకల్లో సిలికా తొంభై శాతం దాకా ఉంటుంది, పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ పలకలను నిషేధించింది. మన ఊళ్ళలో మాత్రం ముక్కుకు రుమాలు చుట్టుకుని, నీళ్ళు చల్లకుండా గ్రానైటు, క్వార్ట్జ్ రెండింటినీ ఇంటి మెట్ల దగ్గరే కోయడం మామూలు దృశ్యం. అలా కోసే కుర్రవాడి ఊపిరి ఖరీదు ఏ ఇంటి అంచనా పట్టీలోనూ చేరదు.

పాత అరమరలకు తగిన చౌక గట్టు వెతికే నేటి గృహస్థుడికి ఈ చరిత్ర ఇచ్చే తీర్పు స్పష్టంగానే ఉంది. తెలుగు వంటకు నల్ల గ్రానైటు అన్ని లెక్కల్లోనూ మెరుగు. టేకు రంగు తలుపుకైనా, తెల్ల తలుపుకైనా అది ఒదుగుతుంది. గట్టు చిన్నదైతే దుకాణం వెనుక పేర్చిన కోత ముక్కల్లో సరిపడేది దొరకవచ్చు. పాత కడప గట్టు పగలకుండా ఉంటే దాన్ని ఊడదీయడం కన్నా అక్కడే మళ్ళీ పాలిషు పట్టించడం చౌక. కొత్తది కొనేటప్పుడు మాత్రం, నల్లగా పాలిషు పట్టిన సున్నపురాతిని గ్రానైటుగా చూపే వీలుంది కాబట్టి, నమూనా ముక్క ఇంటికి తెచ్చుకుని దానిపై నాలుగు చుక్కల నిమ్మరసం వేసి రాత్రంతా వదిలిపెట్టాలి: తెల్లవారి తుడిస్తే మచ్చ మిగిలినది సున్నపురాయి, మెరుపు చెదరనిది గ్రానైటు.